బేస్‌లైన్ లేకుండా సగం దాటిన ప్రాజెక్టుకి ఇంపాక్ట్ రిపోర్టు: ప్రతి అంకెనీ ‘ఎంతమందిలో?’ అని అడగండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఒంటరిగా ఉండే పెద్దవయసు వాళ్ల కోసం వారానికోసారి కలుసుకునే బృందాలు నడుపుతున్నారు. 18 నెలల గ్రాంట్‌లో 12 నెలలు అయిపోయాయి. చేతిలో హాజరు రిజిస్టర్లు, బోలెడు ఫోటోలు, వచ్చినవాళ్లు చెప్పిన నాలుగు మంచి మాటలు ఉన్నాయి. మొదట్లో బేస్‌లైన్ సర్వే, అంటే కార్యక్రమం మొదలవకముందు వాళ్ల పరిస్థితి ఎలా ఉందో కొలిచే సర్వే, చేయలేదు. ఇప్పుడు ఫండర్ (గ్రాంట్ ఇచ్చినవాళ్లు) ‘ఎంతమంది వచ్చారన్నది సరే, వాళ్లలో ఏం మారింది?’ అని అడుగుతున్నారు. మిగిలిన ఆరు నెలల్లో ఏం కొలవాలి, ఏం రాయాలి, రాస్తే నమ్ముతారా అన్నది మీ టెన్షన్.

నేను ఈ పనిలో రెండు వైపులా కూర్చున్నాను. సంస్థల తరఫున రిపోర్టులు రాశాను, గ్రాంట్ ఇచ్చేవాళ్ల తరఫున వచ్చిన రిపోర్టులు చదివాను. చదివేటప్పుడు నా కళ్లు మొదట వెతికేది పెద్ద అంకెని కాదు, ఆ అంకె కింద ఉన్న మనుషుల లెక్కని. ‘78 శాతం మందిలో ఒంటరితనం తగ్గింది’ అని రాశారనుకోండి. ఎవరిలో 78 శాతం? పేరు నమోదైన వాళ్లలోనా, చివరిదాకా వచ్చిన వాళ్లలోనా, సర్వే రోజు హాల్లో ఉన్నవాళ్లలోనా? ఈ ఒక్క ముక్క చెప్పకపోతే ఎంత మంచి పని చేసినా అది కాకి లెక్కే అవుతుంది. చెబితే మాత్రం, బేస్‌లైన్ లేని ప్రాజెక్టు రిపోర్టుని కూడా గౌరవంగా చదువుతారు.

కాబట్టి సర్వే ఫారం గురించి ఆలోచించే ముందు రిజిస్టర్ దగ్గర కూర్చోండి. చాలామంది దాన్ని ‘మొత్తం లబ్ధిదారులు ఇంతమంది’ అని ఒక్క అంకె తీసి పక్కన పెట్టేస్తారు. అసలు విషయమంతా అందులోనే ఉంటుంది. ఒక్కో మనిషికి ఒక్కో వరుస రాయండి: మొదటిసారి వచ్చిన తేదీ, చివరిసారి వచ్చిన తేదీ, మొత్తం ఎన్నిసార్లు వచ్చారు, చేరిన దగ్గర్నుంచి అసలు ఎన్ని సమావేశాలు జరిగాయి. చివరిది ముఖ్యం. పోయిన నెల చేరి నాలుగింటికి నాలుగూ వచ్చిన ఆవిడ, ఏడాది కిందట చేరి నాలుగే సార్లు వచ్చిన ఆయన, ‘నాలుగు హాజర్లు’ అన్న లెక్కలో ఒకేలా కనిపిస్తారు. ఇద్దరి కథలూ వేరు.

అలా రాశాక, ఒకటి రెండు సార్లు వచ్చి మానేసిన వాళ్లు ఎంతమందో తేలుతుంది. ఆ అంకె చూసి కంగారు పడకండి, అందరి ప్రాజెక్టుల్లోనూ వాళ్లు ఉంటారు. దాచినప్పుడే చిక్కు వస్తుంది. ‘క్రమంగా వచ్చేవాళ్లు’ అంటే మీ ఉద్దేశం ఏమిటో ఒక గీత గీసుకోండి. ఉదాహరణకి, రావడానికి అవకాశం ఉన్న సమావేశాల్లో కనీసం సగానికి వచ్చినవాళ్లు. ఫలితాలు చూడకముందే ఆ గీత గీయాలి. ఫలితాలు చూశాక గీస్తే చెయ్యి మనకి తెలియకుండానే అనుకూలమైన చోటికి జరుగుతుంది.

తర్వాత, మానేసిన వాళ్లకి ఫోన్లు చేయండి. నా మాట నమ్మండి, ఆరు నెలల్లో మీరు చేసే పనులన్నింటిలో అతి తక్కువ ఖర్చుతో ఎక్కువ తెలిసేది ఇక్కడే. ‘మళ్లీ రండి’ అని బతిమాలడానికి కాదు ఆ ఫోన్. ఎందుకు రాలేకపోయారో కనుక్కోవడానికి. పెద్దవయసు వాళ్ల ప్రాజెక్టుల్లో అనారోగ్యం, మరణం, పిల్లల దగ్గరికి మకాం మార్చడం లాంటి కారణాలు ఎలాగూ ఉంటాయి. వాటిని విడిగా రాయండి, అవి మీ వైఫల్యం కాదు. మిగిలిన వాళ్లలో చాలామంది మొదట ‘పనులుండి’ అంటారు. అక్కడ ఫోన్ పెట్టేయకూడదు. ‘వచ్చినప్పుడు ఎక్కడ కూర్చున్నారు? పక్కన ఎవరున్నారు? ఎవరితోనైనా మాట్లాడారా?’ అని నెమ్మదిగా అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. వినికిడి తగ్గినవాళ్లు పెద్ద హాల్లో పదిమంది ఒకేసారి మాట్లాడుతుంటే ఏమీ అర్థంకాక నవ్వుతూ కూర్చుని, తర్వాత రావడం మానేస్తారు. ఆ మాట వాళ్లంతట వాళ్లు చెప్పరు, చిన్నతనంగా ఉంటుంది. ఇలాంటి ఒక్క కారణం దొరికితే కుర్చీలు వేసే పద్ధతి మార్చుకోవచ్చు. మార్చాక హాజరు ఎలా ఉందో మిగిలిన నెలల్లో చూడొచ్చు కూడా. రిపోర్టులో నేనైతే ఆ పేరాని ఫోటోల కంటే ముందు పెడతాను.

రిజిస్టర్ చెప్పనిది ఇంకోటి ఉంది: అసలు ఒంటరివాళ్లే వచ్చారా? 1970ల్లో డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక మాట అన్నారు. ఏ అంకెని చూసి నిర్ణయాలు తీసుకుంటామో, ఆ అంకె మీద ఒత్తిడి పెరిగి అదే పాడవుతుందని, అది కొలవాల్సిన పనిని కూడా పాడుచేస్తుందని దాని సారాంశం. మీ విషయంలో అది ఎలా జరుగుతుందో చూడండి. ప్రపోజల్‌లో ‘200 మందిని చేరుస్తాం’ అని రాసి ఉంటారు. ఫీల్డ్ స్టాఫ్ మీద ఆ 200 ఒత్తిడి ఉంటుంది. తలుపు తట్టగానే ‘వస్తామమ్మా’ అనేది ఎవరు? ఇప్పటికే నలుగురితో కలిసి తిరిగే హుషారైన వాళ్లు. నిజంగా ఒంటరిగా ఉన్న మనిషి తలుపు తీయడానికే మూడుసార్లు వెళ్లాలి. నెలాఖరుకి టార్గెట్ నిండుతుంది, ప్రాజెక్టు ఎవరికోసం పెట్టారో వాళ్లు ఇంట్లోనే ఉండిపోతారు. ఇందులో స్టాఫ్‌ది ఏ తప్పూ లేదు, మనం పెట్టిన అంకె వాళ్లని అటు తోసింది. అందుకే కొత్తగా చేరేవాళ్లని మొదటిరోజే ఒంటరితనం గురించి అడగడం మార్పు కొలవడానికే కాదు, ఎవరిని చేరుతున్నామో తెలుసుకోవడానికి కూడా.

ఇక ఏ ప్రశ్నలు అడగాలి? సొంతంగా తయారుచేయకండి. దశాబ్దాలుగా వాడిన, పరీక్షించిన చిన్న ప్రశ్నావళులు ఉన్నాయి. ఒంటరితనాన్ని కొలవడానికి యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) స్కేల్ తాలూకు మూడు ప్రశ్నల రూపం ఉంది: తోడు లేదనిపిస్తుందా, మిమ్మల్ని పక్కన పెట్టేశారనిపిస్తుందా, అందరికీ దూరంగా ఉన్నట్టు అనిపిస్తుందా. ఒక్కోదానికి ‘దాదాపు ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా’ అని మూడు జవాబులు, 1 నుంచి 3 మార్కులు, మొత్తం 3 నుంచి 9. పెద్ద సర్వేల్లో వాడటానికి వీలుగా 2004లో వచ్చిన రూపం ఇది. మొత్తంగా మనసు ఎలా ఉందో తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల డబ్ల్యూహెచ్ఓ-5 ఉంది. 1998 నుంచి వాడుకలో ఉంది. గత రెండు వారాల గురించి ఐదు వాక్యాలు, ఒక్కోదానికి 0 నుంచి 5. వచ్చిన మొత్తాన్ని 4తో గుణిస్తే 0 నుంచి 100 మధ్య స్కోరు వస్తుంది. 50 లేదా అంతకంటే తక్కువ వస్తే ఆ మనిషి సంగతి మరికాస్త దగ్గరగా చూడాలని, 10 పాయింట్ల తేడా వస్తే దాన్ని పట్టించుకోదగ్గ మార్పుగా తీసుకోవచ్చని సాధారణంగా చెబుతారు.

ఇవి కాక, బ్రిటన్ గణాంక కార్యాలయం 2011 నుంచి అడుగుతున్న నాలుగు ప్రశ్నలున్నాయి: జీవితం పట్ల తృప్తి, చేసే పనులకి అర్థం ఉందనిపించడం, నిన్నటి సంతోషం, నిన్నటి ఆందోళన. అన్నీ 0 నుంచి 10. మనసు ఎంత బాగుందో కొలిచే వార్విక్-ఎడిన్‌బరో స్కేల్‌లో 14 వాక్యాలు ఉంటాయి, ఏడు వాక్యాల పొట్టి రూపమూ ఉంది. దాన్ని వాడేముందు రిజిస్టర్ చేసుకుని అనుమతి తీసుకోవాలి. పొట్టి రూపం స్కోర్లని వాళ్లిచ్చిన పట్టిక ప్రకారం మార్చుకోవాలి కూడా, నేరుగా కూడేస్తే సరిపోదు. మీ ప్రాజెక్టుకి నా సలహా: యూసీఎల్ఏ మూడు, డబ్ల్యూహెచ్ఓ-5 ఐదు. మొత్తం ఎనిమిది ప్రశ్నలు, అంతే. మీరు ప్రపోజల్‌లో మాటిచ్చింది ఒంటరితనం తగ్గించడం గురించి. ఆరోగ్యం, ఆదాయం, పోషణ, ఇంటర్నెట్ వాడకం అంటూ నలభై ప్రశ్నలు పెడితే ముసలివాళ్లు అలసిపోతారు, ఇరవయ్యో ప్రశ్న నుంచి అన్నింటికీ ఒకే జవాబు చెబుతారు. పైగా నలభై అడిగితే ఏదో ఒకటి అదృష్టం కొద్దీ పైకి కనిపిస్తుంది, దాన్నే పట్టుకుని రిపోర్టు రాయాలనిపిస్తుంది.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. డబ్ల్యూహెచ్ఓ-5లో స్కోరు పెరిగితే మంచిది. యూసీఎల్ఏలో పెరిగితే చెడ్డది. బ్రిటన్ నాలుగు ప్రశ్నల్లో మూడు ఒక దిక్కు, ఆందోళన ప్రశ్న ఇంకో దిక్కు. వీటన్నింటినీ కలిపి ఒక సగటు తీసిన రిపోర్టులు నేను చూశాను. ప్రతి చార్టు కింద ‘పెరిగితే మంచిది’ లేదా ‘తగ్గితే మంచిది’ అని ఒక లైను రాయండి, మీకూ చదివేవాళ్లకీ తలనొప్పి తప్పుతుంది.

ఏం అడిగారన్నదానికంటే ఎలా అడిగారన్నది ఎక్కువ తేడా తెస్తుంది. ఒక దృశ్యం చెబుతాను, ఎక్కడైనా ఇలాగే ఉంటుంది. సమావేశం అయిపోయింది, అందరూ ఉల్లాసంగా ఉన్నారు. ఏడాదిగా వాళ్లని అమ్మా నాన్నా అని పిలుస్తూ బృందాన్ని నడిపిన అమ్మాయి కాగితాలు పట్టుకుని ‘ఇక్కడికి వచ్చాక మీకు బాగుంటోంది కదా?’ అంటుంది. ఎవరు కాదంటారు? ఆ అమ్మాయి ఉద్యోగం ఈ కాగితాల మీద ఆధారపడి ఉందని వాళ్లకి తెలుసు. ఒకావిడ ‘అన్నిటికీ మంచిదే రాసుకో తల్లీ’ అంటుంది. పక్కనున్న నలుగురూ తలూపుతారు. అక్కడ కొలిచింది ఆ అమ్మాయి మీద వాళ్లకున్న అభిమానాన్ని. అదీ విలువైనదే, కానీ ఒంటరితనం స్కోరు కాదు.

కాబట్టి బృందాన్ని నడిపేవాళ్లు కాకుండా వేరొకరు అడగాలి. ఒక్కొక్కరినీ విడిగా, వీలైతే సమావేశం లేని రోజున అడగాలి. చదవలేని వాళ్లకి ప్రశ్న ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాలి, ‘అంటే...’ అంటూ సొంత వివరణ కలపకూడదు. మొదటిసారి ఎదురుగా కూర్చుని అడిగి రెండోసారి ఫోన్‌లో అడిగితే, ఆ తేడావల్లే స్కోరు మారొచ్చు. రెండుసార్లూ ఒకేలా ఉండాలి. ముందే ఒక మాట చెప్పాలి: ‘మీరేం చెప్పినా కార్యక్రమం ఆగదు, మీ పేరు ఎవరికీ తెలియదు, జవాబు చెప్పకపోయినా మీరు మామూలుగానే రావచ్చు.’

ఇంకోటి, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మనసు గురించి అడిగినప్పుడు కొందరు చాలా తక్కువ స్కోరుతో బయటపడతారు. ఎవరైనా ‘బతకాలని లేదు’ అనవచ్చు. కాగితం నింపుకుని ‘థాంక్యూ’ చెప్పి వచ్చేయడం కుదరదు. మొదటి ఫారం నింపే ముందే, అలాంటప్పుడు అడిగే వ్యక్తి అదే రోజు ఎవరికి ఫోన్ చేయాలి, ఆ మనిషిని ఎక్కడికి పంపాలి, రెండు రోజుల తర్వాత ఎవరు వెళ్లి చూడాలి అన్నది కాగితం మీద ఉండాలి. ఆ ఏర్పాటు చేయలేకపోతే ఆ ప్రశ్నలు అడగొద్దు.

ఇప్పుడు అసలు చిక్కుకి వద్దాం: బేస్‌లైన్ లేదు. గడిచిన ఏడాదిని వెనక్కి తేలేం. ఫోటోలతో ఆ ఖాళీ నింపడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా మూడు దారులున్నాయి, మూడింటి బలం ఒకేలా ఉండదు.

అన్నింటికంటే గట్టిది, ఈ రోజు నుంచి కొత్తగా చేరే ప్రతి ఒక్కరినీ మొదటి సమావేశానికి ముందే అడగడం, నాలుగు నెలల తర్వాత మళ్లీ అడగడం. సంఖ్య తక్కువే ఉంటుంది. పాతిక ముప్ఫై మందైనా సరే, అది నిజమైన ముందూ వెనకా లెక్క.

రెండోది, ఇప్పుడున్న వాళ్లందరినీ ఇప్పుడోసారి, ముగింపుకి ముందోసారి అడగడం. ఇది ప్రాజెక్టు మొత్తం ఫలితాన్ని చూపదు, రెండో ఏట వచ్చిన మార్పునే చూపుతుంది. మొదటి ఏట రావాల్సిన మార్పు అప్పటికే వచ్చేసి ఉంటే ఇందులో ఏమీ కనిపించకపోవచ్చు. అలాగే రాయండి.

మూడోది, ‘చేరకముందు ఎలా ఉండేవారో గుర్తుచేసుకుని చెప్పండి’ అని అడగడం. దీన్ని చాలామంది పనికిరాదని కొట్టిపారేస్తారు, నేను పూర్తిగా ఒప్పుకోను. జ్ఞాపకం తనకి నచ్చినట్టు కథ అల్లుకుంటుంది, అడిగేవాళ్లని సంతోషపెట్టాలనే కోరికా ఉంటుంది, నిజమే. కానీ ఒకటి ఆలోచించండి: కొందరు మొదట్లో ‘నాకేం ఒంటరితనం లేదు’ అంటారు, నలుగురితో కలిశాక గానీ ఇన్నాళ్లూ ఎంత ఒంటరిగా ఉన్నారో వాళ్లకే తెలియదు. అలాంటప్పుడు మామూలు ముందూ వెనకా లెక్కలో ఆ మనిషి పరిస్థితి దిగజారినట్టు కనిపిస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ హోవార్డ్, ఆయన సహచరులు 1970ల చివర్లోనే శిక్షణ కార్యక్రమాల్లో దీన్ని పట్టుకున్నారు. మనిషి మారేసరికి తనని తాను కొలుచుకునే కొలబద్ద కూడా మారిపోతుందని. కాబట్టి గుర్తుచేసుకుని చెప్పిన లెక్కని వాడండి, కాకపోతే ‘ఇది జ్ఞాపకం మీద ఆధారపడింది’ అని అంకె పక్కనే రాయండి, అడుగున చిన్న అక్షరాల్లో కాదు.

ఏడాదిగా వస్తున్నవాళ్ల స్కోరుని కొత్తవాళ్ల స్కోరుతో పోల్చేస్తే సరిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. అది మాత్రం వద్దు. ఎందుకో ఐదుగురితో చూపిస్తాను. మొదటిరోజు డబ్ల్యూహెచ్ఓ-5 స్కోర్లు 20, 32, 48, 56, 64 అనుకుందాం. సగటు 44. ఆరు నెలల్లో ఎవరి మనసులోనూ ఏ మార్పూ రాలేదు. కానీ 20, 32 ఉన్న ఇద్దరూ రావడం మానేశారు. మిగిలిన ముగ్గురి సగటు 56. ఎవరూ మారకుండానే 12 పాయింట్లు పెరిగింది! పట్టించుకోదగ్గ మార్పు అని చెప్పిన 10 కంటే ఎక్కువ. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు, కూడికలూ తప్పు కాలేదు. బాగా కుంగిపోయినవాళ్లే ముందు జారిపోవడం ఇలాంటి పనుల్లో మామూలు కాబట్టి ఇది ఊహాలోకపు ప్రమాదం కాదు. దీనికి మందు ఒక్కటే: రెండుసార్లూ జవాబిచ్చిన వాళ్లనే, మనిషికి మనిషిని జతచేసి పోల్చడం, మధ్యలో వెళ్లిపోయినవాళ్ల మొదటి స్కోరు ఎంతో విడిగా చూపించడం. ఆ ముగ్గురి విషయంలో మార్పు సున్నా అని అప్పుడు తేలుతుంది, పోయిన ఇద్దరూ తక్కువ స్కోరు వాళ్లని కూడా తెలుస్తుంది.

జతచేసి పోల్చినా ఇంకో ఉచ్చు మిగులుతుంది. మనుషులు సాయం కోసం ఎప్పుడు వస్తారు? బాగా దిగులుగా ఉన్న రోజుల్లో. ఆ దిగులు ఎంతో కొంత దానంతటదే తగ్గుతుంది కూడా. చివరి అంచున ఉన్న కొలత మళ్లీ తీస్తే సగటు వైపుకి జరగడాన్ని 1880ల్లో బ్రిటన్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల, పిల్లల ఎత్తుల్లో చూపించారు. మనసు స్కోర్లకీ అది వర్తిస్తుంది. ముఖ్యంగా ‘తక్కువ స్కోరు ఉన్నవాళ్లలో ఎక్కువ మెరుగుదల కనిపించింది’ అన్న వాక్యం ప్రతి రెండో రిపోర్టులో ఉంటుంది, దాని వెనక సగం ఇదే.

దీనికి జవాబు పోల్చడానికి మరో గుంపు ఉండటం. చీటీ తీసి సగం మందిని పక్కన పెట్టే ప్రయోగం మీ స్థాయికి అక్కర్లేదు, చేయలేరు కూడా. కానీ మీ దగ్గర ఖాళీలు లేక వేచి ఉన్నవాళ్ల జాబితా ఉందా? ఉంటే వాళ్లని ఇప్పుడు అడిగి, రెండు మూడు నెలలకి చేర్చుకునే ముందు మళ్లీ అడగండి. కార్యక్రమం లేకుండా ఆ కాలంలో ఏం జరిగిందో తెలుస్తుంది. పెద్దవయసు వాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఆరోగ్యం తగ్గడం, భార్యో భర్తో పోవడం లాంటివాటివల్ల స్కోరు మామూలుగానే కిందికి జారే వయసు ఇది. బృందంలోవాళ్లు ఉన్నచోటే నిలబడి, వేచి ఉన్నవాళ్లు జారితే, ‘మార్పు లేదు’ అన్నదే మీ విజయం. కానీ పోల్చడానికి ఎవరూ లేకుండా ‘లేకపోతే తగ్గిపోయేవారు’ అని రాస్తే అది ఊహ మాత్రమే.

జాబితా లేకపోతే, కెనడాకి చెందిన మూల్యాంకన నిపుణుడు జాన్ మేన్ చెప్పిన పద్ధతిలో కాస్త నిజాయితీగా వాదించవచ్చు. ‘మావల్లే జరిగింది’ అనకుండా, ‘జరిగినదాంట్లో మా పాత్ర ఉందనడానికి ఆధారాలివి, వేరే కారణాలు కావచ్చన్నవి ఇవి, వాటిని ఇలా పరిశీలించాం’ అని చెప్పడం. ఆచరణలో ఇది చాలా సులువు. ప్రతి మనిషినీ ‘ఈ ఆరు నెలల్లో మీ జీవితంలో ఇంకేం మారింది?’ అని అడగండి. కూతురు దగ్గరికి వచ్చి ఉంటోందని ఒకరు, కంటి ఆపరేషన్ అయి బయటికి తిరగగలుగుతున్నానని ఇంకొకరు చెబుతారు. వాళ్ల మెరుగుదలలో మీ వాటా ఎంతో మీకే అర్థమవుతుంది. ఎక్కువసార్లు వచ్చినవాళ్లలో ఎక్కువ మార్పు ఉందా అన్నదీ చూడండి, కానీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువసార్లు రాగలరు కాబట్టి దాన్ని రుజువుగా చూపకండి.

అంకెల విషయంలో కొన్ని చిన్న మాటలు. యాభై మంది కంటే తక్కువ ఉన్నప్పుడు శాతాలు ఒంటరిగా రాయకండి. ‘66.7 శాతం’ అంటే చదివేవాళ్లకి వందల మంది గుర్తొస్తారు, లోపల ఉన్నది ఆరుగురిలో నలుగురు. సగటు ఒక్కటే రాయకండి, ఎంతమందికి పెరిగింది, ఎంతమందికి తగ్గింది అని విడదీయండి. తగ్గినవాళ్ల లైను లేని రిపోర్టు చూస్తే నాకు అనుమానం వస్తుంది, యాభై మంది ముసలివాళ్లలో ఆరు నెలల్లో ఒక్కరికి కూడా పరిస్థితి దిగజారకపోవడం లోకంలో జరగదు.

కథల గురించి. రిపోర్టుల్లో కథలు ఉండాలి, నేను కథలకి వ్యతిరేకిని కాను. కానీ ఆ కథ ఎలా ఎంపికైందో చెప్పాలి. 1990ల్లో బంగ్లాదేశ్‌లో ఒక గ్రామీణ కార్యక్రమంతో పనిచేస్తూ రిక్ డేవిస్ అనే మూల్యాంకన నిపుణుడు ఒక పద్ధతి తయారుచేశారు. ‘మీ దృష్టిలో గడిచిన నెలల్లో వచ్చిన అతి ముఖ్యమైన మార్పు ఏమిటి?’ అని చాలామందిని అడిగి, వచ్చిన కథల్ని అందరూ కూర్చుని చదివి, ఏది ఎందుకు ముఖ్యమో వాదించుకుని ఎంచుకోవడం. ఎంచుకున్న కారణం కూడా కథతోపాటు రాస్తారు. అన్నింటికంటే విలువైనది ఆ వాదనే. మీరు దీన్ని ఒక మధ్యాహ్నంలో చేయొచ్చు, బృందంలోని పెద్దవాళ్లని కూడా కూర్చోబెట్టి. మీ స్టాఫ్ ‘ఆవిడ మళ్లీ నవ్వడం మొదలుపెట్టింది’ అన్న కథ ఎంచుకుంటే, పెద్దవాళ్లు ‘జ్వరం వచ్చినప్పుడు ఇద్దరు ఇంటికొచ్చి చూసి వెళ్లారు’ అన్నది ఎంచుకోవచ్చు. అప్పుడు మీరు కొలవాల్సింది ఇంకోటి ఉందని తెలుస్తుంది: సమావేశం బయట ఒకరికొకరు ఫోన్ చేసుకుంటున్నారా, ఇళ్లకి వెళ్తున్నారా? గ్రాంట్ అయిపోయాక మిగిలేది అదే కాబట్టి, నా లెక్కలో మీ ప్రాజెక్టుకి అంతకు మించిన ఇండికేటర్ (మార్పుని చూపే కొలత) లేదు. ‘గత నెలలో బృందంలో పరిచయమైన ఎవరినైనా సమావేశం కాకుండా వేరేచోట కలిశారా?’ అన్న ఒక్క ప్రశ్న తొమ్మిదోదిగా చేర్చండి.

కథ వాడేముందు, రాసినది ఆ మనిషికి చదివి వినిపించి అనుమతి తీసుకోండి. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు, ‘ఆ వీధిలో ఉండే రిటైర్డ్ టీచరు’ అంటే అందరికీ తెలిసిపోతుంది. పట్టికల్లోనూ ఐదుగురి కంటే తక్కువున్న గడిని అలా వదలకండి, పక్క గడితో కలిపేయండి. పేర్ల జాబితా ఒకచోట, కోడ్ నంబర్లతో జవాబులు ఇంకోచోట ఉండాలి.

పెట్టిన ప్రతి రూపాయికి ఇన్ని రూపాయల సామాజిక లాభం అని చూపించే ఎస్ఆర్‌ఓఐ లెక్క చేయమని ఎవరైనా సలహా ఇస్తే మర్యాదగా వద్దనండి. సరిగ్గా చేయాలంటే ఎలాగూ జరిగేదాన్ని తీసేయాలి, ఇతరుల వాటా తీసేయాలి, కాలంతో తగ్గిపోయేదాన్ని తీసేయాలి. ఆ అంకెలేవీ మీ దగ్గర లేవు. క్రమంగా వచ్చే ఒక్కో మనిషికి నెలకి ఎంత ఖర్చయింది అన్నది రాయండి, చాలు.

రిపోర్టు మొదటి పేజీలో ప్రపంచ గణాంకాలతో మొదలుపెట్టకండి. ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో చెప్పిన మాట ఫండర్‌కి మీకంటే ముందే తెలుసు, అందుకే డబ్బిచ్చారు. మొదటి పేజీలో ఇలాంటి పేరా ఒకటి ఉండాలి (అంకెలు నమూనాకి వేసినవి):

‘మొత్తం 140 మంది పేర్లు నమోదయ్యాయి. 96 మంది కనీసం మూడుసార్లు వచ్చారు, 63 మంది క్రమంగా వస్తున్నారు. కొలత మొదలుపెట్టింది పదమూడో నెలలో. అప్పుడు 58 మందిని అడిగాం, వాళ్లలో 41 మందిని చివర్లో మళ్లీ అడగగలిగాం. ఆ 41 మందిలో 16 మందికి డబ్ల్యూహెచ్ఓ-5 స్కోరు కనీసం 10 పాయింట్లు పెరిగింది, 18 మందిలో పెద్ద తేడా లేదు, 7 మందికి కనీసం 10 తగ్గింది. రెండోసారి దొరకని 17 మంది మొదటి స్కోరు మిగిలినవాళ్లకంటే తక్కువ. కాబట్టి ఈ ఫలితం అసలుకంటే కొంత బాగా కనిపిస్తూ ఉండవచ్చు.’

ఇది చదివిన ఫండర్ ‘పదహారేనా?’ అనొచ్చు. అంటే అననివ్వండి. ఆ పదహారు నిలబడే అంకె. ‘78 శాతం’ అన్నది మొదటి ప్రశ్నకే కూలిపోతుంది. రెండో పేజీలో ఏం మార్చుకున్నారో రాయండి: ఫోన్లలో తెలిసిన కారణాలు, కుర్చీల మార్పు, తర్వాత హాజరు. మిగతావన్నీ వెనక అనుబంధాల్లో పెట్టొచ్చు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు, ఈ వారమే ఫండర్ ప్రోగ్రామ్ ఆఫీసర్‌తో మాట్లాడండి. బేస్‌లైన్ లేదన్న సంగతి చివరి రిపోర్టులో తెలియడం కంటే ఇప్పుడు మీ నోటితో తెలియడం మేలు. ‘కొత్తవాళ్లని ఇలా కొలుస్తాం, పాతవాళ్లని ఇలా కొలుస్తాం, దీనితో ఇంతవరకే చెప్పగలం’ అని ఒక పేజీ పంపి వాళ్ల ఒప్పుదల మెయిల్‌లో తీసుకోండి. ఫోన్లకీ, వేరొకరితో అడిగించడానికీ బడ్జెట్‌లో ఎక్కడైనా మిగులుంటే దాన్ని అటు మళ్లించడానికి అనుమతి కూడా అదే మెయిల్‌లో అడగండి. రెండో కొలతని పదిహేడో నెల మొదట్లోనే పెట్టుకోండి. పద్దెనిమిదో నెలకి వదిలేస్తే దొరకనివాళ్ల కోసం రెండోసారి వెళ్లే సమయం ఉండదు, పైగా కార్యక్రమం ఆగిపోతోందన్న దిగులు కూడా వాళ్ల స్కోరులోకి వచ్చేస్తుంది.